పిలుపు మనిషి

అరకు కొండల్లోని బొండంపుట్టు ఆడవాళ్లు ఎవరు పిలిస్తే వాళ్ల వెంట కాఫీ కోతకి వెళ్లిపోయే రకం కాదు. ఆఫీసరు జీపు దిగి బతిమాలినా "సూద్దాం బాబూ" అని గడప మీద కూర్చుని, నిప్పు నోట్లో పెట్టి అడ్డపొగ చుట్ట పీల్చుకునేవాళ్లే. సోములమ్మ పిలిస్తే మాత్రం లేచేవాళ్లు. తెల్లవారగానే ఆమె నడివీధిలో నిలబడి ఒక్కో ఇంటివాళ్లనీ పేరు పెట్టి పిలిచేది. లోపల్నుంచి "వత్తన్నాం" అని బదులు రావాలి. బదులు వచ్చిందంటే ఆ రోజుకి మాట ఇచ్చేసినట్టే. జ్వరమొచ్చినా, చుట్టాలొచ్చినా వెళ్లి తీరాలి. వెళ్లడం ఇష్టం లేనివాళ్లు నోరు మూసుకుని పడుకుంటే సరి, ఎవరూ ఏమీ అనుకోరు. ఒప్పందమంటే ఆ ఊళ్లో అదే. కాగితం లేదు, సంతకం లేదు, సాక్షి అంతకన్నా లేడు.

ఆ సోములమ్మ కూతురే కనక. అరకులో కాఫీ ఎగుమతి చేసే ఒక కంపెనీలో పని చేస్తుంది. కొండ ఊళ్ల నుంచి కాఫీ పళ్లు సేకరించే బాధ్యత ఆమెది. కంపెనీ సరుకంతా డెన్మార్క్ వెళ్తుంది. డెన్మార్క్ వాళ్లు మంచివాళ్లే, పాపం, గొంతెమ్మ కోరికలేమీ లేవు. పండు బాగా ఎర్రబడ్డాకే కోయాలి. ఏ పండు ఏ తోటలో ఎవరు కోశారో రుజువుండాలి. అంతే. ఆ అంతే ఉంది చూశారూ, చెట్టుకొకరు గుట్టకొకరుగా బతికే కొండల్లో అది చేయించేసరికి కనకకి తలప్రాణం తోకకొచ్చేది.

కంపెనీ మేనేజరు మణిదీప్ విశాఖపట్నం మనిషి. తెలివైనవాడు, మంచివాడు, గొంతు పెంచి మాట్లాడి ఎరగడు. ఏ తోటలో పండు రంగు తిరిగిందో ఉపగ్రహం ఫోటోల్లో చూసి, ఆ తోటవాళ్లకి పొద్దున్నే ఫోన్ చేసి కోతకి రమ్మని చెప్పే ఏర్పాటు ఒకటి పెట్టాడు. మొదట విశాఖ నుంచి ఎవరో చక్కని ఆవిడ చేత "దయచేసి పక్వమైన పళ్లను మాత్రమే కోయగలరు" అని చెప్పించాడు. ఊళ్లో వాళ్లు విని, "ఎవుర్తీవిడ, మనకేటి సుట్టమా" అని ఫోను పెట్టేశారు. అప్పుడు కనకే అంది, మా అమ్మ చేత చెప్పించండి సార్ అని.

సోములమ్మ విశాఖ వెళ్లింది. సముద్రం చూసింది, చేపలు తింది, చల్లటి అద్దాల గదిలో కూర్చుని వాళ్లు అడిగిన మాటలన్నీ చెప్పింది. ఆ మాటలు పెట్టుకుని కంప్యూటరు ఆమె గొంతు నేర్చేసుకుంది. ఆ తరవాత ఆమెతో పని లేకుండా పోయింది. ఆమె ఎన్నడూ అనని మాటలు కూడా ఆమె గొంతుతోనే అనేది. "భీముడూ, పైతోట కింది వరస పండింది, పచ్చికాయ ముట్టుకోకండి, బేగి రండి" అని ఫోనులో వినగానే ఊరు లేచేది. డెన్మార్క్ వాళ్లు ఆ ఏటి కాఫీ రుచి చూసి ఎక్కువ మార్కులు వేశారు. కనకకి కంపెనీలో మంచి పేరొచ్చింది.

ఈసారి వానాకాలంలో సోములమ్మ విషజ్వరంతో పోయింది. మణిదీప్ పూలదండ పట్టుకుని కొండెక్కి వచ్చాడు, కళ్లు తుడుచుకున్నాడు. గొంతు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. కోతలు రాగానే పొద్దున్నే ఇంటింటా ఫోను మోగింది, సోములమ్మ పిలిచింది.

ఇక్కడ ఆ ఊరి సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే మిగతాదంతా పిచ్చిమాటల్లా ఉంటుంది. బొండంపుట్టులో పోయినవాళ్లు పోయిన రోజే పోరు. పాతిపెట్టాక కూడా కొండల మీద చలిలో తిరుగుతుంటారు. కొత్త సామలు వండుకునే పండగనాడు, ఊరికి ముహూర్తాలూ పూజలూ చూసే దిసారి, పోయినవాళ్ల ఇంటివాళ్లని వెంటబెట్టుకుని వెళ్లి, ఆ మనిషిని పేరు పెట్టి పిలిచి, ఇంటికి తెచ్చి పొయ్యి పక్కన కూర్చోబెడతాడు. ఆ రోజు నుంచి ఆ మనిషి ఇంటికి పెద్దదిక్కు. ఈలోగా మాత్రం చచ్చినవాళ్లు పిలిస్తే బదులు పలకకూడదు. బతికున్నవాళ్లకిచ్చిన మాట సాయంత్రానికి తీరిపోతుంది. చచ్చినవాళ్లకిచ్చింది ఎప్పటికి తీరుతుందో ఎవరికీ తెలియదు.

మరి ఫోను ఎలా ఎత్తారంటే, దానికో ఉపాయం కనిపెట్టారు. కోతకి వచ్చేవాళ్లు ఒకటి నొక్కండి అని పిలుపు చివర వినపడేది. నోరు విప్పితే కదా పలికినట్టు, వేలితో నొక్కితే తప్పేటి అనుకున్నారు. సోములమ్మ గొంతు విని కాసేపు ఏడ్చి, ఒకటి నొక్కి, తోటకి వెళ్లేవాళ్లు. అలా సాగినా బాగుండును. కోతల మధ్యలో డెన్మార్క్ నుంచి కబురొచ్చింది. ఒకటి ఎవరైనా నొక్కొచ్చు, అది రుజువు కాదు, మనిషి గొంతు వినపడాలి అని. మణిదీప్ మార్చేశాడు. ఇప్పుడు నోటితో బదులిస్తేనే ఆ తోట పళ్లు తీసుకుంటారు. ఊరు రెండు రోజులు నోరు బిగబట్టింది. పళ్లు చెట్టు మీదే నల్లబడుతుంటే చూడలేక ఒకరి తరవాత ఒకరు "వత్తన్నాం" అనేశారు.

ఆ వారం కనక ఊరికి వెళ్లింది. తోటలో మాట లేదు. కాఫీ కోతంటే మామూలుగా సంతలా ఉంటుంది. పాటలు, వెక్కిరింతలు, మొగుళ్ల మీద చాడీలు, అన్నీ అక్కడే. ఇప్పుడు బుట్టల్లో పళ్లు పడే చప్పుడు తప్ప ఏమీ లేదు. మిరియాల తీగలు పాకిన పొడుగాటి చెట్ల మధ్య మంచు ఇంకా వీడలేదు. అందులో వంగిన నడుములు కదులుతున్నాయి. కనక ఒక బుట్టలో చెయ్యి పెట్టి కలిపి చూసింది. ఒక్క పచ్చికాయ లేదు. ఇంకో బుట్ట చూసింది, అందులోనూ లేదు. డెన్మార్క్ వాళ్లు చూస్తే ఆనందంతో ఏడ్చేవాళ్లు. కనకకి మాత్రం భయం వేసింది.

ఆమె వదిన స్వర్ణ చెవులకి గుడ్డ కట్టుకుని వణుకుతూ కోస్తోంది. కనక నుదురు తాకి చూసింది.

"వదినా, ఒళ్లు కాలిపోతంది. ఇంటికెల్లిపో."

"ఎలాగెల్తాను? అత్త పిలిసింది. పలికీసినాను."

"అది అమ్మ కాదు వదినా. కంపెనీ ఫోను."

స్వర్ణ నడుముకి దోపుకున్న ఫోను తీసి చేతిలో పెట్టింది. "ఇది సచ్చిపోయి శానా రోజులైంది. ఊళ్లో కరెంటు నేదు, సార్జింగు పెట్టనేదు. ఐనా పొద్దున్నే పిలుత్తంది. నిన్న పలకరాదని నోట్లో గుడ్డ కుక్కీసుకున్నాను. ఈదిలో నిలబడి పిల్లి మీదా ఎలక మీదా పెట్టి తిట్టింది, అత్త తిట్టినట్టే. మరేటి సేత్తాను, పలికీసినాను."

కనక ఫోను మీట నొక్కి పట్టుకుంది. తెర వెలగలేదు. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూస్తుంటే స్వర్ణ మళ్లీ కోతలో పడిపోయింది.

ఆ సాయంత్రం అన్న భీముడు, కనక కలిసి దిసారి దగ్గరికి వెళ్లారు. కొత్త సామల పండగ వచ్చే వారమే. దిసారి సంగతంతా విన్నాడు.

"పిలుత్తన్న మనిసిని మనం పిలవనేం," అన్నాడు. "ఆ గొంతు ఊరుకుంటేనే మీ అమ్మని ఇంటికి తేగలం."

"ఊరుకోకపోతే?" అంది కనక.

"ఇంకో ఏడు సలిలో తిరుగుద్ది. అంత కాలం తిరిగినోళ్లు మారిపోతారు తల్లీ. అప్పుడింటికొచ్చేది మీ అమ్మ అవదు."

దారిలో భీముడు చెల్లెలి మొహం చూడలేదు. ఇంటి దగ్గరికి వచ్చాక మాత్రం మెల్లగా అన్నాడు. "అమ్మ గొంతు నువ్వే అట్టుకెళ్లి ఆళ్లకిచ్చినావు. నువ్వే తే, కనకా." అందులో కోపం లేదు. ఉంటే కనకకి కాస్త తేలికగా ఉండేది. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు.

మర్నాడు ఆఫీసుకి వెళ్లేసరికి మణిదీప్ మంచి హుషారు మీద ఉన్నాడు. కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పాడు.

"కనకగారూ, మీ ఊరు చూడండి. టవరే సరిగ్గా లేని ఊరు, ప్రతి ఇంటి నుంచీ బదులొస్తోంది. డెన్మార్క్ వాళ్లకి మతిపోయింది. కొలంబియాలో వాళ్ల తోటలకి కూడా ఇదే పెడతారట. అమ్మగారి గొంతే కావాలంటున్నారు. ఇది వినండి."

సోములమ్మ మాట్లాడింది. స్పానిష్‌లో మాట్లాడింది. ఆమెకి తెలుగే తడుముకుంటూ వచ్చేది, నోరారా మాట్లాడితే కొండ భాషే. ఇప్పుడు ఆ పరాయి మాటలు గడగడా దొర్లిపోతున్నాయి. మధ్యలో ఆయాసంతో తీసే ఊపిరి అమ్మదే, మాట చివర నాలుక చప్పరించడం అమ్మదే. ఆఖర్న ఎవరిదో ఆడమనిషి పేరు పెట్టి పిలిచి, బదులు కోసం ఆగింది. భూమికి అవతలి పక్క ఏ కొండ మీదో ఒక ఇల్లాలు పొయ్యి దగ్గర్నుంచి లేచి దానికి బదులు పలుకుతుందని తలుచుకోగానే కనక చప్పున తెర మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆపేయండి సార్," అంది. ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనుకోలేదు. దిసారి అన్నది, వదిన అన్నది మొత్తం చెప్పేసింది. "మా అమ్మని ఇంటికి తెచ్చుకోవాలి. ఆ గొంతు తీసేయండి."

మణిదీప్ నవ్వలేదు. మంచివాడని ముందే చెప్పాను కదా. నీళ్లు ఇచ్చాడు, తలుపు వేసి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "తీసేస్తానండి. ఈ రోజే తీసేస్తాను. కానీ ఆ గొంతు లేకపోతే ఎవరూ పలకరు. పలక్కపోతే రుజువు లేదు, సరుకు రేవు దాటదు. అన్ని ఊళ్ల పంటా నేలపాలవుతుంది. దాని చోట ఇంకో గొంతు కావాలి, వాళ్లు పలికే గొంతు." ఆమె మొహంలోకి చూశాడు. "మీది అచ్చం అమ్మగారి గొంతేనండి."

కనక ఆలోచించలేదు. నేను బతికే ఉన్నాను కదా, నాకేమవుతుంది అనుకుంది. కొత్త యంత్రానికి ఎక్కువ మాటలు కూడా అక్కర్లేదు. ఆమె కాఫీ తాగుతూ మాట్లాడిన నాలుగు మాటలకే గొంతు నేర్చేసుకుంది. పండగ రోజున మాత్రం ఎవరినీ పిలవొద్దని షరతు పెట్టింది. మణిదీప్ ఆమె ముందే ఆ రోజు పిలుపులకి సెలవు పెట్టాడు. ఆ తరవాత సోములమ్మ గొంతు చెరిపేయడానికి మీట మీద వేలు పెట్టాడు.

"గుంటా," అంది సోములమ్మ, చిన్నప్పుడు కూతుర్ని పిలిచినట్టే, కంప్యూటర్లోంచి. "కనకా. ఏటి సేత్తన్నావు?"

మణిదీప్ చెయ్యి ఆగిపోయింది. "మీ పేరు ఇందులో పెట్టలేదే," అన్నాడు. కనక రెండు చేతులతో నోరు మూసుకుంది. అమ్మా అనాలని ప్రాణం కొట్టుకుపోతోంది. ఒక్కసారి పలికితే ఏం పోతుంది అనిపించింది. తల ఊపి, చెరిపేయమని సైగ చేసింది. ఆయన నొక్కేశాడు. గదిలో ఫ్యాను చప్పుడు మిగిలింది.

పండగ రోజు పొద్దున్నే ఎవరి ఫోన్లు వాళ్లు ఇంట్లో బియ్యం బుట్టలో వదిలేసి, ఊరంతా పాతిపెట్టిన చోటికి బయలుదేరింది. అరకు మంచు ఆ కాలంలో అంత తేలిగ్గా వదలదు, ముందు నడిచేవాళ్ల కాళ్లు కూడా కనపడటం లేదు. దిసారి కోడిని కోసి, రాయి మీద సామ బియ్యం చల్లి, "సోములమ్మా, ఇంటికి రా" అని పిలిచాడు. రెండోసారి పిలిచాడు. గాలి ఆగింది. చల్లిన బియ్యంలో ఒక కుప్ప, ఎవరో తీరిగ్గా వేలు పెట్టి రాసినట్టు, తనంతట తాను చెదిరింది. వచ్చింది, అన్నాడు దిసారి. భీముడు గట్టిగా ఏడ్చేశాడు. కనకకి ఎంత హాయిగా అనిపించిందంటే, అక్కడే కూలబడిపోయింది.

అప్పుడు కింద ఊళ్లోంచి పిలుపు వినపడింది.

మంచులోంచి, ఒక్కో పేరూ విడివిడిగా, ఇంటింటి ముందూ ఆగుతూ వస్తోంది. "స్వర్ణ వదినా. పైతోట పండింది. బేగి రండి." గొంతు కనకది. ఊళ్లో పిట్ట మనిషి లేడు, అందరూ ఇక్కడే ఉన్నారు. కనక పెదాలు బిగించుకుని నేల మీద కూర్చుని ఉంది. ఊరు మొత్తం కిందికి చూసింది, ఆ తరవాత ఆమె పెదాల వైపు చూసింది.

"అది ఫోను," అంది కనక. "ఫోనే. సెలవు పెట్టమన్నాను. ఎవరో పొరపాటున తీసేసుంటారు."

ఊరిక్కడికి ఎంత దూరమో ఆమెకీ తెలుసు. ఏ ఫోను గొంతూ అంత దూరం రాదు.

"గొంతు ఎక్కడుంటే మనిసి అక్కడే," అన్నాడు దిసారి. తిట్టలేదు, చాలా జాలిగా అన్నాడు. "కనక ఊళ్లో తిరుగుతంది. ఇక్కడున్నదాన్ని సూడకండి. పదండి, సోములమ్మకి సలేత్తంది."

ఒక్కొక్కరే తిరిగి నడిచారు. చచ్చినవాళ్లని ఇంటికి తెచ్చే దారిలో వెనక్కి చూడకూడదు, మాట్లాడకూడదు. అందుకే మాట్లాడటం లేదు, అంతే అని కనక తనకి తాను చెప్పుకుంటూ వెనకే నడిచింది. "అన్నా," అని ఒకసారి పిలిచింది. భీముడి వీపు కాస్త ముడుచుకుంది, కాళ్లు ఆగలేదు.

ఇంట్లో సోములమ్మని పొయ్యి పక్కన కూర్చోబెట్టారు. కూర్చోబెట్టగానే పొయ్యి దానంతట అదే రాజుకుంది. కొత్త సామ అన్నం ఉడికిన వాసన ఇల్లంతా పట్టింది. స్వర్ణ ఆకులు వేసి అందరికీ వడ్డిస్తూ వచ్చి, కనక దగ్గరికి వచ్చేసరికి ఆమెని దాటుకుని అవతలి ఆకులో వేసింది.

"వదినా, నాకో?"

స్వర్ణ ఇంకో గరిటె తీసింది. అన్నం పడింది, వేరే ఆకులో. కనకకి మొదట ఒళ్లు మండింది. ఈ వేళాకోళం ఏమిటని భీముడి భుజం పట్టుకుని కుదిపింది. అతను దుప్పటి దగ్గరికి లాక్కున్నాడు. "తలుపెయ్యి, సలిగాలి," అన్నాడు స్వర్ణతో. అప్పుడు భయం వేసింది, నిజంగా.

వీధిలోంచి పిలుపు మళ్లీ వచ్చింది. సరిగ్గా వాకిట్లో ఆగింది. "భీముడన్నా. పచ్చికాయ ముట్టుకోకండి. బేగి రండి."

భీముడు తింటున్న ముద్ద ఆకులో పెట్టేశాడు. తలుపు వైపు తిరిగాడు. కళ్ల నిండా నీళ్లు.

"వత్తన్నాం సెల్లీ," అన్నాడు. "సలిలో నిలబడకు. వత్తన్నాం."

పొద్దుట్నుంచీ చెల్లీ అన్న ఆ పిలుపు కోసమే కనక మొహం వాచి ఉంది. అన్న నోటి వెంట వచ్చింది, కానీ వాకిట్లోని గొంతుకి. ఇంట్లో అందరూ ఒకరి వెనక ఒకరు లేచారు. పండగ పూట, తింటున్న ఆకుల ముందు నుంచి లేచి బుట్టలు తగిలించుకున్నారు. ఆమె గడపకి అడ్డం నిలబడింది. "ఎల్లకండి. నాను పిలవనేదు. నానిక్కడే ఉన్నాను," అని అందరి మొహాల్లోకీ చూసి చెప్పింది. చలిగాలికి తలలు వంచుకున్నట్టు వంచుకుని, పక్క నుంచి వెళ్లిపోయారు.

బియ్యం బుట్టలోంచి తన ఫోను తీసి మణిదీప్‌కి చేసింది. వెంటనే ఎత్తాడు.

"సార్, ఆపండి. నా గొంతు కూడా తీసేయండి. నేను కనకని."

"హలో? హలో?" అన్నాడు మణిదీప్. తరవాత పక్కనున్న ఎవరితోనో చెబుతుంటే వినపడింది. "కనకగారి ఫోనే. గాలి చప్పుడు తప్ప ఏం లేదు, సిగ్నల్ లేనట్టుంది. ఇందాక బాగానే మాట్లాడింది. పండగైనా కోత ఆపొద్దు, సెలవు తీసేయండి అని తనే చెప్పింది. కొలంబియాకి కూడా తన గొంతే పంపమంది. అలాంటి మనిషి దొరకడం మన అదృష్టం." ఫోను పెట్టేశాడు.

కనక ఇంట్లోకి చూసింది. సగం తిన్న ఆకులు, వెలుగుతున్న పొయ్యి. అమ్మ ఇంటికి వచ్చింది, కావలసింది అదే, అది జరిగింది. బయట తోట వైపు పోయే దారిలో ఊరంతా మంచులో కలిసిపోతోంది, ఎవరూ మాట్లాడుకోవడం లేదు. అందరికన్నా ముందు ఆమె గొంతు ఏ వరస ఎవరు కోయాలో చెబుతూ నడుస్తోంది. ఇంట్లో ఉంటే ఆమెతో మాట్లాడేవాళ్లు లేరు. గొంతు వినపడేది అక్కడే, అన్న బదులిచ్చేది అక్కడే. మూలనున్న బుట్ట తీసుకుని తగిలించుకుని, కనక వాళ్ల వెనక తోటకి వెళ్లింది.